దారి, తీరు: పుట్టుకతో వచ్చే మూత్ర, జనన, మలాంగాల తేడాలను తెలుగులో చెప్పుకోవడం

ఏ భాషలోనైనా శరీరంలోని ప్రతి భాగానికీ పేరుంటుంది. కాని అన్ని పేర్లనూ అందరి ముందూ పలకడానికి వీలుండదు. కన్ను, చెయ్యి, మోకాలు అనడానికి ఎవరికీ సంకోచం లేదు. నడుముకు దిగువన ఉన్న భాగాల దగ్గరికి వచ్చేసరికి మాట తడబడుతుంది. మలమూత్రాల విసర్జనకు తెలుగులో ఉన్న మాటలు చూడండి: ఒంటికి, రెంటికి, ఒంటేలు, దొడ్డికి, బయటికి, కాలకృత్యాలు. వీటిలో ఏ ఒక్కటీ జరిగే పనిని నేరుగా చెప్పదు. కొన్ని అంకెతో చెబుతాయి, కొన్ని వెళ్ళే చోటుతో చెబుతాయి, మరికొన్ని వేళతో చెబుతాయి. భాషాశాస్త్రంలో దీన్ని సభ్యోక్తి అంటాం. ఇది తెలుగుకే ప్రత్యేకం కాదు, తప్పూ కాదు. బడిలో పిల్లవాడు చిటికెనవేలు చూపితే పంతులుగారికి అర్థమైపోతుంది. అంతటితో పని జరుగుతుంది.

అయితే ఈ మర్యాద వల్ల పని జరగని సందర్భం ఒకటుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు ఆ భాగాలు ఏర్పడవలసిన విధంగా ఏర్పడకపోతే, ఆ సంగతి చూడడానికీ చెప్పడానికీ అడగడానికీ సూటియైన మాటలు కావాలి. అవి దొరకక ఆలస్యమైతే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటు మాట దొరికితే ఆ బిడ్డ జన్మంతా దాన్ని మోయవలసి వస్తుంది. మూత్ర, జనన, మలాంగాలు గర్భంలో ఎలా ఏర్పడతాయో, ఎక్కడ దారి తప్పుతాయో వివరించి, వాటిని గురించి తెలుగులో ఎలా మాట్లాడుకోవచ్చో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మేము వైద్యులం కాము. ఇక్కడ చెప్పే శరీరవిషయాలు ఆ శాస్త్రంలో స్థిరపడినవి. మేము కొత్తగా పరిశీలించేది మాటలను మాత్రమే.

ఒకే గది, రెండు వాకిళ్ళు

ఫలదీకరణం జరిగిన నాలుగో వారానికి పిండం పొడవు కొద్ది మిల్లీమీటర్లు. దాని తోకవైపు చివర ఒక చిన్న తిత్తి ఉంటుంది. పేగు, మూత్రం తెచ్చే నాళాలు అన్నీ ఆ తిత్తిలోకే తెరుచుకుంటాయి. కప్పకూ కోడికీ జీవితాంతం ఇదే ఏర్పాటు. వాటికి మలానికీ మూత్రానికీ గుడ్డుకూ బయటికి ఒకే ద్వారం. తెలుగు జంతుశాస్త్ర పాఠ్యపుస్తకాలు దీన్ని అవస్కరం అంటాయి. ఆంగ్లంలో వాడే క్లోయెకా అనే లాటిను పదానికి అసలు అర్థం మురుగుకాలువ.

మనిషి పిండంలో ఈ తిత్తి అలాగే ఉండిపోదు. నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల దాని నడుమ ఒక అడ్డుగోడ దిగుతుంది. ముందరి భాగం మూత్రాశయం వైపు, వెనకటి భాగం మలాశయం వైపు విడిపోతాయి. దిగువన మూతలాగా ఉన్న పలుచని పొర ఏడు, ఎనిమిది వారాలలో విచ్చుకొని రెండు దారులూ బయటికి తెరుచుకుంటాయి. ఒకే గది ఉన్న ఇంటికి నడుమ గోడ కట్టి, అటొక వాకిలీ ఇటొక వాకిలీ పెట్టినట్టని ఊహించుకోవచ్చు.

ఈ పనిలో ఎక్కడైనా తేడా రావచ్చు. గోడ పూర్తిగా దిగకపోతే రెండు భాగాల నడుమ సన్నని సందు మిగిలిపోతుంది. వెనక వాకిలి ఏర్పడకపోతే బిడ్డ మలద్వారం లేకుండా పుడుతుంది. చాలాసార్లు ఈ రెండూ కలిసే వస్తాయి. మగపిల్లలలో పేగు చివర మూత్రనాళంలోకి తెరుచుకోవడం ఎక్కువగా కనిపించే రూపం. ఆడపిల్లలలో అది యోనిద్వారం పక్కన చిన్న బెజ్జంగా తెరుచుకుంటుంది. గోడ దాదాపు లేనట్టే అయిన ఆడపిల్లలలో మూత్రం, యోని, మలం మూడు దారులూ ఒకే ద్వారంలో కలిసిపోతాయి. మలద్వారానికి సంబంధించిన ఈ తేడాలన్నీ కలిపి సుమారు 5,000 జననాలకు ఒకటి. మూడు దారులు కలిసిపోవడం మరీ అరుదు, సుమారు 50,000 జననాలకు ఒకటి. పెద్దపేగు పొట్టిదై సంచిలా ఉబ్బి ఉండే మరో రూపం ఉంది. అది ఎక్కువగా ఉత్తర భారతదేశం నుంచే నమోదైంది. 1984లో చండీగఢ్ వైద్యులు దాన్ని విడిగా గుర్తించి వర్ణించారు.

ఈ పిల్లలలో దాదాపు సగం మందికి మరో అవయవంలో కూడా తేడా ఉంటుంది. వెన్నెముక, గుండె, అన్నవాహిక, మూత్రపిండాలు, చేతి ఎముకలు: వీటిని తప్పక పరీక్షిస్తారు. మలద్వారం లేదని తీసుకువెళ్ళిన బిడ్డకు గుండె స్కాన్ ఎందుకని తల్లిదండ్రులు కంగారుపడతారు. ఆ అవయవాలన్నీ రూపుదిద్దుకునే వారాలు దాదాపు ఒకటేనని చెబితే ఆ కంగారు తగ్గుతుంది.

ఇది ఆధునికులు కనిపెట్టిన జబ్బు కాదు. ఏడో శతాబ్దపు గ్రీకు వైద్యుడు పౌలుస్, పొర అడ్డుపడి ఉంటే దాన్ని చీల్చమన్నాడు. 1835లో పారిస్‌లో అమ్యుసా అనే శస్త్రవైద్యుడు పేగు చివరను కిందికి తెచ్చి చర్మానికి కుట్టాడు. అదే సంవత్సరం మన మద్రాసులో వైద్యపాఠశాల మొదలైంది. 1980లో మెక్సికోలో అల్బెర్తో పేన్యా, బిడ్డను బోర్లా పడుకోబెట్టి వెనకనుంచి సరిగ్గా మధ్యగీత మీద కోసి, కండరాలను కళ్ళారా చూస్తూ దారి కట్టే పద్ధతిని మొదలుపెట్టాడు. 1982లో డి వ్రీస్‌తో కలిసి దాన్ని ప్రకటించాడు. ఈనాడు ప్రపంచమంతటా ఈ చికిత్సకు పునాది ఆ పద్ధతే. చాలామంది పిల్లలకు ఇది మూడు దశలలో జరుగుతుంది. మొదట పొట్ట మీద తాత్కాలికంగా మలానికి ఒక దారి పెడతారు. కొన్ని వారాలకో నెలలకో అసలు దారి కడతారు. అది మానిన తరువాత పొట్ట మీది దారిని మూసేస్తారు. తేలిక రూపాలకు ఒక్క చిన్న శస్త్రచికిత్సే చాలు.

దారి కట్టడంతో పని పూర్తికాదు. కట్టిన ద్వారం బిగుసుకుపోకుండా కొన్ని నెలలపాటు ఇంట్లో రోజూ సాగదీయాలి. తరువాతి సంవత్సరాలలో కొందరికి మలబద్ధకం వస్తుంది, కొందరికి మలం ఆగదు. ఎవరికి ఏది అన్నది మొదట ఏ రూపంలో పుట్టారు, వెన్నుపూస చివర ఎంత చక్కగా ఏర్పడింది అన్నవాటిని బట్టి ఉంటుంది. ఆహారనియమంతోనూ రోజూ ఒకే వేళకు ఎనిమాతోనూ ఆ పిల్లలు శుభ్రంగా బడికి వెళ్ళగలరు. ఆ సంగతి చెప్పకపోతే, వాసన వస్తోందని తోటి పిల్లలు దూరం పెట్టడం, చదువు ఆగిపోవడం జరుగుతాయి. శస్త్రచికిత్స జరిగిన పూటే ఈ మాట కూడా తల్లిదండ్రుల చెవిన పడాలి.

చుక్కలూ ధారా

మూత్రపిండాలు పుట్టే చోటు ఒకటి, చేరే చోటు మరొకటి. అయిదో వారంలో పొత్తికడుపు దిగువన మొలకెత్తి, క్రమంగా నడుము పైకి ఎక్కుతాయి. ఒకవైపు మొలక రాకపోతే బిడ్డ ఒకే మూత్రపిండంతో పుడుతుంది. సుమారు వెయ్యి మందిలో ఒకరు ఇలాంటివారు. చాలామందికి ఆ సంగతి ఏదో స్కాన్‌లో బయటపడేదాకా తెలియనే తెలియదు. ఎక్కే దారిలో రెండు పిండాల కింది కొసలు అతుక్కుంటే గుర్రపు లాడం ఆకారం వస్తుంది. పేగుకు వెళ్ళే ఒక రక్తనాళం అడ్డుపడి అవి అక్కడే ఆగిపోతాయి. సుమారు 500 మందిలో ఒకరికి ఇలా ఉంటుంది. పెక్కుమందికి దీనివల్ల బాధేమీ ఉండదు.

రెండువైపులా మూత్రపిండాలు రాకపోవడం మాత్రం ఘోరం. నాలుగో నెల దాటాక ఉమ్మనీరులో ఎక్కువ భాగం బిడ్డ విసర్జించే మూత్రమే. అది లేకపోతే ఉమ్మనీరు ఉండదు, ఉమ్మనీరు లేకపోతే ఊపిరితిత్తులు ఎదగవు. స్కాన్‌లో ‘ఉమ్మనీరు తక్కువ’ అని రాసినప్పుడు బిడ్డ మూత్రపిండాలను ఎందుకు వెదుకుతారో దీనివల్ల బోధపడుతుంది.

మగపిల్లలలో మూత్రనాళంలో కవాటాల వంటి పొరలు అడ్డుపడి పుట్టడం మరొకటి. 5,000 నుంచి 8,000 మంది మగపిల్లలకు ఒకరిలో ఇది ఉంటుంది. మూత్రం వెనక్కి తన్ని మూత్రాశయాన్నీ మూత్రపిండాలనూ చెడగొడుతుంది. సన్నని గొట్టం ద్వారా లోపలికి చూస్తూ ఆ పొరలను తొలగిస్తారు. దీనిని ఇంట్లోనే అనుమానించడానికి తెలుగులో ఒక్క మాట ఉంది, ధార. పిల్లవాడు ధారగా పోస్తున్నాడా, చుక్కలు చుక్కలుగా పోస్తున్నాడా? ఈ ప్రశ్నకు ఏ అమ్మమ్మ అయినా జవాబు చెప్పగలదు. ‘యూరిన్ ఫ్లో ఎలా ఉంది’ అని అడిగితే, చదువుకున్న తల్లి కూడా ‘బాగానే ఉంది’ అనేసి ఊరుకుంటుంది.

మూత్రద్వారం పురుషాంగం కొనన కాక దాని కిందివైపున ఉండడం చాలా తరచుగా కనిపించే తేడా. 200 నుంచి 300 మంది మగపిల్లలకు ఒకరిలో ఉంటుంది. దీనికి ప్రాణభయం లేదు, తొందర లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. అలాంటి పిల్లవాడికి సున్తీ చేయించకూడదు, తరువాత మరమ్మతుకు ఆ చర్మమే కావాలి. వృషణాలు సంచిలోకి దిగకపోవడం నెలలు నిండి పుట్టిన మగపిల్లలలో నూటికి సుమారు ముగ్గురిలో కనిపిస్తుంది. వీరిలో చాలామందికి మొదటి ఆరు నెలల్లో వాటంతట అవే దిగుతాయి. దిగకపోతే ఏడాది, ఏడాదిన్నర లోపల శస్త్రచికిత్స చేయించడం మంచిది. పెద్దయ్యాక దిగుతాయిలే అని పదేళ్ళు ఎదురుచూడడం సరికాదు.

ఆడ, మగ రూపాలు

మొదటి ఆరు వారాలపాటు ఆడపిండం, మగపిండం చూపుకు ఒకటే. రెంటిలోనూ రెండు జతల నాళాలుంటాయి. ఏడో వారం నుంచి, సాధారణంగా వై క్రోమోజోము మీద ఉండే ఒక జన్యువు ఆజ్ఞతో, బీజగ్రంథి వృషణంగా మారడం మొదలుపెడుతుంది. ఆ ఆజ్ఞ లేని పిండంలో అది అండాశయమవుతుంది. ఆ తరువాత గ్రంథులు విడుదల చేసే హార్మోన్లను బట్టి ఒక జత నాళాలు నిలుస్తాయి, మరొక జత కృశిస్తాయి. బయటి రూపం మూడో నెలలో తేలుతుంది. మగపిల్లల మూత్రనాళం పూర్తిగా మూసుకోవడం నాలుగో నెల దాకా సాగుతుంది.

ఇన్ని మెట్లున్న పనిలో ఏ మెట్టు దగ్గరైనా నడక వేరు కావచ్చు. సుమారు 5,000 మంది ఆడపిల్లలకు ఒకరు గర్భసంచి లేకుండా పుడతారు. అండాశయాలు, బయటి రూపం అన్నీ మామూలే కాబట్టి పదహారేళ్ళు వచ్చినా రజస్వల కాకపోవడంతోనే ఈ సంగతి బయటపడుతుంది. కొందరు పిల్లల బయటి రూపం చూసి ఆడో మగో వెంటనే చెప్పలేం. దీనికి ముఖ్య కారణాలలో ఒకటి మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల్లో ఒక ఎంజైము లోపించడం. ఆడపిల్ల అయితే బయటి రూపం మగపిల్లవాడిని పోలివుంటుంది. ఈ లోపం తల్లి తండ్రి ఇద్దరినుంచీ రావలసిన జాతి. అందువల్ల మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ఇళ్ళలో దీని సంగతి తెలిసి ఉండడం అవసరం.

ఈ చివరి లోపంలో ఒక మెలిక ఉంది. బయటి రూపం వల్ల బిడ్డకు ఏ అపాయమూ లేదు. కాని ఈ లోపం తీవ్రంగా ఉన్నవారిలో రెండు, మూడు వారాలలోనే శరీరంలోని ఉప్పు మూత్రంలో పోయి, వాంతులతో, నీరసంతో బిడ్డ ప్రాణం పోవచ్చు. దానికి కావలసింది శస్త్రచికిత్స కాదు, వెంటనే మందు. ఆడపిల్లలలో బయటి రూపం హెచ్చరిక చేస్తుంది. మగపిల్లలు చూపుకు మామూలుగానే ఉంటారు కాబట్టి వాళ్ళే ఎక్కువ ప్రమాదంలో పడతారు. అక్కో అన్నో ఇలా పసితనంలోనే పోయి ఉంటే, తరువాతి కాన్పులో ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి.

పేరులో దాగిన నేరం

ఇక మాటల విషయం. పుట్టుకతో వచ్చే తేడాలకు తెలుగులో చక్కని దేశ్యపదం ఒకటుంది: ‘పుట్టు’. పుట్టుగుడ్డి, పుట్టుచెవుడు, పుట్టుమచ్చ. ఎప్పటినుంచి ఉందో చెప్పి ఊరుకుంటుంది. ఎందుకు వచ్చిందో చెప్పదు, ఎవరినీ తప్పుపట్టదు.

దీనికి భిన్నంగా ‘గ్రహణం మొర్రి’ ఉంది. పెదవి చీలి పుట్టడానికి తెలుగువారికి దొరికిన పేరు ఇది. పేరులోనే కారణం ఉంది. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ బయటికి వచ్చిందో, ఏదో కోసిందో, అందువల్ల బిడ్డకు ఇలా అయిందని ఆ పేరు చెబుతుంది. అంటే ఆ పేరు పలికిన ప్రతిసారీ తల్లి మీద ఒక నేరం మోపుతున్నాం. మూత్ర, మలాంగాల తేడాలకు ఇలాంటి వాడుక పేరు ఏర్పడలేదు, ఎందుకంటే వాటిని నలుగురిలో పలకరు. పేరు లేకపోయినా నేరం మాత్రం అలాగే అంటుకుంటుంది. నాగదోషమనీ, పూర్వజన్మకర్మమనీ, అమ్మ ఏదో తిన్నదనీ అంటారు.

ఇక్కడ కాలక్రమం చూస్తే చాలు, ఈ అభియోగం నిలవదు. మలమూత్రాల దారులు విడిపోయే పని ఏడో, ఎనిమిదో వారానికి ముగుస్తుంది. నెల తప్పిందని తెలిసి, ఇంట్లో చెప్పుకుని, ఇది చెయ్యి అది చెయ్యకు అని పెద్దలు నియమాలు పెట్టే వేళకు ఆ గోడ దిగవలసినంత దిగిపోయి ఉంటుంది. అయిదో నెలలో వచ్చిన గ్రహణం రెండో నెలలో కట్టిన గోడను కూల్చలేదు. గర్భానికి ముందునుంచీ అదుపులో లేని మధుమేహం వంటి కొన్ని కారణాలు ప్రమాదాన్ని పెంచుతాయని తెలుసు. కొన్నింటికి జన్యువుల పాత్ర ఉంది. అయినా పెక్కు సందర్భాలలో ఒక్క కారణాన్ని వేలెత్తి చూపడం సాధ్యం కాదు.

మన ప్రాచీన వైద్యగ్రంథాలు ఈ రెండు ధోరణులనూ చూపిస్తాయి. గర్భిణి కోరిక తీర్చకపోతే గూనివాడో పొట్టివాడో పుడతాడని సుశ్రుతసంహిత అంటుంది. బీజంలో ఏ అవయవానికి చెందిన భాగం చెడితే ఆ అవయవమే వికలమవుతుందని చరకసంహిత అంటుంది. మొదటి మాట ఇంటివాళ్ళను తప్పుపడుతుంది. రెండో మాట శరీరంలోనే కారణం వెదుకుతుంది. సుశ్రుతుడే మలద్వారం సన్నబడిపోయే ఒక జబ్బుకు ‘సన్నిరుద్ధగుదం’ అని పేరు పెట్టాడు. అది పుట్టుకతో వచ్చేది కాదు. కాని పేరు పెట్టిన పద్ధతి గమనించదగింది. ఏ భాగం, దానికి ఏమైంది, అంతవరకే చెప్పాడు.

ఇప్పుడు మన వైద్యపరిభాషలో వాడుతున్న లోపం, దోషం, వైకల్యం, వికృతి, అసహజత అన్న మాటలను ఈ దృష్టితో చూడాలి. దోషం జాతకానికీ నేరానికీ కూడా చెల్లే మాట. ‘వికృతి’ మరింత ఆసక్తికరమైనది. వ్యాకరణం చదువుకున్నవారికి ప్రకృతి, వికృతి జంటపదాలు. ‘రాత్రి’ ప్రకృతి, ‘రాతిరి’ వికృతి. రాతిరి అన్న మాటను ఎవరూ అసహ్యించుకోరు. మార్పు చెందిన రూపం అని మాత్రమే దానికి అర్థం. అదే మాటను బిడ్డ శరీరానికి వాడితే తిట్టులా వినబడుతుంది. శాస్త్రార్థం ఏదైనా, వినేవారి చెవిలో మోగేది వాడుకలోని అర్థమే.

దారి వేరు, తీరు వేరు

పై మాటలన్నిటికీ మరొక పెద్ద చిక్కుంది. అన్నిటినీ ఒకే గంపలో వేస్తాయి. మలద్వారం లేకపోవడం లోపం, బయటి జననాంగాలు ఆడా మగా పోలికలు కలిసి ఉండడమూ లోపమే. ఒకే పేరు పెడితే ఒకే చికిత్స అనిపిస్తుంది. నిజానికి ఇవి రెండూ రెండు రకాలు. మొదటిదానిలో ఏదో ఒక దారి మూసుకుపోయింది, గంటలు లెక్కపెట్టుకోవాలి. రెండోదానిలో తీరు వేరుగా ఉంది, దారులన్నీ తెరిచే ఉన్నాయి. ఆ బిడ్డ పాలు తాగుతుంది, నిద్రపోతుంది, ఎదుగుతుంది. తొందర బిడ్డది కాదు, చుట్టూ ఉన్న పెద్దలది.

ఈ భేదం చట్టంలోకి ఎక్కింది మన తమిళనాడులోనే. 2019 ఏప్రిల్ 22న మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనంలో జస్టిస్ జి. ఆర్. స్వామినాథన్ ఒక వివాహం నమోదుకు సంబంధించిన తీర్పు చెబుతూ, ఆడ, మగ లక్షణాలు కలిసి పుట్టిన పసిపిల్లలకు ఏదో ఒక రూపం తెచ్చిపెట్టే శస్త్రచికిత్సలను నిషేధించమని ప్రభుత్వాన్ని ఆదేశించారు. తల్లిదండ్రుల అంగీకారం బిడ్డ అంగీకారం కాదన్నది అందులోని ముఖ్యమైన మాట. ఆ సంవత్సరమే ఆగస్టు 13న రాష్ట్ర ఆరోగ్యశాఖ ఉత్తర్వు జారీచేసింది. ప్రాణాపాయం ఉన్న సందర్భాలను అందులో మినహాయించారు. అంటే దారి, తీరు అని మేము విడదీస్తున్న గీత ఆ ఉత్తర్వులోనే ఉంది. దాన్ని తెలుగులో చెప్పేటప్పుడు అన్నిటికీ ‘లోపాన్ని సరిచేసే ఆపరేషన్’ అని ఒకే మాట వాడితే ఆ గీత చెరిగిపోతుంది. అప్పుడు ఒక తండ్రి, ఆగవలసిన చోట తొందరపడతాడు. మరొక తండ్రి, కోర్టు వద్దన్నదట కదా అని, తొందరపడవలసిన చోట ఆగిపోతాడు.

మాటలు మార్చుకోవడం వైద్యులకూ కొత్త కాదు. 2005లో షికాగోలో సమావేశమైన నిపుణులు 2006లో ప్రకటించిన ఏకాభిప్రాయపత్రంలో, గ్రీకు పురాణం నుంచి వచ్చిన హెర్మాఫ్రొడైట్ అనే పాత పేరును వదిలి, లింగవికాసానికి సంబంధించిన రుగ్మతలు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ‘రుగ్మతలు’ అనడం కూడా తగదని, ‘భేదాలు’ అనాలని తరువాత ఎంతోమంది వాదించారు. తమిళంలోనూ లింగభేదాలకు సంబంధించిన మర్యాదకరమైన పదాలను 2022లో రాష్ట్ర ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించింది. తెలుగులో ఇప్పటికీ పేడి, కొజ్జా, నపుంసకుడు అన్న మాటలే నోటికి వస్తాయి. వీటిలో ఏదీ పసిబిడ్డకు చెప్పదగినది కాదు, పెద్దలకూ కాదు. పైగా ఇవన్నీ వేరువేరు మనుషుల్ని కలిపేస్తాయి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం కూడా పుట్టుకతో లైంగిక లక్షణాలలో భేదం ఉన్నవారికి విడిగా నిర్వచనం ఇచ్చింది.

మూడు భాషల నడుమ

చెన్నైలో ఈ సమస్య మరింత చిక్కుబడుతుంది. ఎగ్మూరులో 1844లో మొదలైన ప్రసూతి ఆసుపత్రి ఉంది, దానికి చేరువలోనే పిల్లల ఆసుపత్రి ఉంది. నగరంలోని తెలుగువారే కాక నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాలవారు కూడా బిడ్డల కోసం ఈ నగరానికి వస్తుంటారు. తల్లి తెలుగు, నర్సు తమిళం, కాగితం ఆంగ్లం. ముగ్గురికీ ఉమ్మడిగా మిగిలినవి ‘మోషన్’, ‘యూరిన్’, ‘పాస్’ అన్న మూడు మాటలు. ‘మోషన్ అయిందా?’ అంటే ‘అయింది’ అని జవాబు. ఎక్కడినుంచి అయింది అని ఎవరూ అడగరు. పేగు మూత్రనాళంలోకి తెరుచుకున్న మగబిడ్డకు మూత్రంతోపాటు పచ్చగా మలం కనిపిస్తుంది. యోనిద్వారం పక్కన బెజ్జం ఉన్న ఆడబిడ్డ గుడ్డ రోజూ తడుస్తూనే ఉంటుంది. ‘అయింది’ అన్న జవాబు అబద్ధం కాదు. కాని అది చెప్పవలసింది చెప్పలేదు. ఆ ఆడబిడ్డ సంగతి ఏడాదో రెండేళ్ళో గడిచాక, ఘనాహారం మొదలై మలం గట్టిపడినప్పుడు బయటపడడం ఇలాగే జరుగుతుంది.

ప్రభుత్వ పథకాలలోనూ ఈ మౌనం కొంత కనబడుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే తొమ్మిది స్థితులను పేరు పెట్టి చెప్పింది. గ్రహణం మొర్రి, వంకరపాదం, గుండెజబ్బు, చెవుడు వాటిలో ఉన్నాయి. మలద్వారం ఆ తొమ్మిదిలో లేదు. దానిని కనిపెట్టడానికి యంత్రమేదీ అక్కరలేదు. గుడ్డ విప్పి చూస్తే చాలు.

అందుచేత, వాడుకలో ఉన్న మాటలతోనే కొన్ని పదబంధాలను సూచిస్తున్నాం. మలద్వారం లేకపోవడానికి ‘మలం దారి మూసుకొని పుట్టడం’, మూత్రనాళంలో పొరలు అడ్డుపడడానికి ‘మూత్రం దారిలో అడ్డు’, మూడు ద్వారాలు కలవడానికి ‘దారులు విడిపోకుండా పుట్టడం’, మూత్రద్వారం కిందికి ఉండడానికి ‘మూత్రద్వారం కిందివైపు తెరుచుకోవడం’, బయటి జననాంగాలు ఆడ, మగ అని వెంటనే తేలనప్పుడు ‘పుట్టుతీరు వేరుగా ఉండడం’ అనవచ్చు. ఇవి పొడవైన మాటలే. కాని ఏ భాగానికి ఏమైందో చెబుతాయి, ఎవరివల్ల అయిందో చెప్పవు, తొందర ఉందో లేదో కొంతవరకు తెలుపుతాయి. మలద్వారం, ఆసనం, ముడ్డి అన్న మాటలలో ఇంట్లో ఏది వాడితే అదే ఆసుపత్రిలోనూ అనవచ్చు. కుండకు ముడ్డి అన్నప్పుడు లేని సిగ్గు బిడ్డ ప్రాణం దగ్గర అక్కరలేదు.

కాన్పు అయిన ఇంట్లో మొదటి రోజున అడగవలసిన ప్రశ్నలు నాలుగే. గుడ్డ విప్పి మలద్వారం ఉందో లేదో చూశారా? నల్లని జిగటమలం 24 గంటలలోపల అక్కడినుంచే వచ్చిందా? మూత్రం పోశాడా, పోస్తే ధారగానా, చుక్కలుగానా? బిడ్డ పొట్ట ఉబ్బుతోందా, పచ్చగా కక్కుతోందా? మొదటి మూడింటిలో ఏ ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా, పొట్ట ఉబ్బినా, పచ్చగా కక్కినా, ఆ పూటే పిల్లల శస్త్రవైద్యులున్న ఆసుపత్రికి వెళ్ళాలి. బిడ్డ ఆడో మగో వెంటనే తేలకపోతే శస్త్రచికిత్సకు తొందరపడనక్కరలేదు, కాని ఉప్పు పరీక్షకు ఆలస్యం చేయరాదు.

ఈ పిల్లలలో చాలామంది ఇప్పుడు బతికి పెద్దవాళ్ళవుతున్నారు. వాళ్ళు ఏదో ఒక రోజు బీరువాలోనుంచి తమ పాత ఆసుపత్రి కాగితాలు తీసి చదువుకుంటారు. అమ్మ, నాన్న, నాయనమ్మ తమను గురించి ఏ మాట వాడేవారో గుర్తు తెచ్చుకుంటారు. ఆ రోజున వాళ్ళు తల దించుకోకుండా చదువుకోగల మాటలను ఇప్పుడే అలవాటు చేసుకోవడం మన చేతిలో పని.